వయసు మీదికి నెట్టే తప్పులు

ఫోన్ తెర మీద ఒక బొమ్మను నొక్కితే యాప్ తెరుచుకోవాలి. డెబ్బై దాటిన మనిషి నొక్కితే ఒక్కోసారి అది తెరుచుకోదు. బొమ్మ పక్కన చిన్న పట్టీ ఒకటి విచ్చుకుని, తీసేయాలా, వివరాలు చూపాలా అని అడుగుతుంది. రెండోసారి నొక్కితే బొమ్మ కదిలి పక్క వరసలోకి పోతుంది. మూడోసారి ఏమీ జరగదు. పక్కనున్న మనవడు ఫోన్ అందుకుని, క్షణంలో పని కానిచ్చి, తిరిగి చేతిలో పెడతాడు. పని అయింది. పెద్దాయన మనసులో మాత్రం ఒక మాట స్థిరపడిపోయింది: ఈ వయసులో ఇవి మనకు రావు.

ఆ మూడుసార్లూ జరిగింది ఒకే తప్పు కాదు. మొదటిసారి వేలు తెర మీద దాదాపు అర సెకను ఆగింది, ఫోన్ దాన్ని 'నొక్కి పట్టుకోవడం'గా లెక్కేసింది. రెండోసారి వేలు ఆనించి ఉండగానే వణికి కొన్ని మిల్లీమీటర్లు జరిగింది, ఫోన్ లెక్కలో అది 'లాగడం'. మూడోసారి చర్మం పొడిబారి ఉండి, వేలు తగిలిన సంగతే తెరకు తెలియలేదు. మూడింటికీ వేర్వేరు మందులున్నాయి. వీటిలో ఏదీ మతిమరుపు కాదు, తెలివి తగ్గడమూ కాదు. వయసు మళ్లాక టెక్నాలజీతో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలాలు ఇలా విడివిడిగా ఉంటాయి. కొన్ని ఒంట్లో వచ్చిన మార్పులు, కొన్ని వస్తువు తయారీలోని లోపాలు, కొన్ని ఇంట్లో మనుషుల మధ్య మర్యాదలు మారడం వల్ల వచ్చినవి. అన్నీ ఒకేసారి మీద పడేసరికి వాటన్నిటికీ 'వయసు' అని ఒకే పేరు పెట్టేస్తాం. పేరు తప్పితే మందూ తప్పుతుంది.

ముందు వేలి సంగతి. ఫోన్ గాజు కింద కంటికి కనిపించని సన్నని తీగల వల ఉంటుంది. వేలిలో తడి, ఉప్పు ఉంటాయి కాబట్టి అది విద్యుత్తును కొంత మోస్తుంది. వేలు దగ్గరికి రాగానే వలలోని విద్యుదావేశం కాస్త మారుతుంది, ఫోన్ ఆ మార్పును 'తాకిడి'గా చదువుతుంది. వయసుతో చర్మం పైపొర పొడిబారితే ఆ మార్పు బలహీనపడుతుంది. పైన మందపాటి గాజు గార్డు అతికిస్తే ఇంకా తగ్గుతుంది. తెర పలకకపోతే ఎవరైనా చేసే పని గట్టిగా నొక్కడం. కానీ ఎంత బలంగా నొక్కారన్నది చాలా ఫోన్లకు పట్టదు. గట్టిగా నొక్కేవాళ్ల వేలు ఎక్కువసేపు ఆగుతుంది కాబట్టి అది మళ్లీ 'నొక్కి పట్టుకోవడం' అవుతుంది. అంటే మనిషి ఎంత శ్రద్ధగా ప్రయత్నిస్తే అంత తప్పు జరుగుతుంది. ఇంత అన్యాయమైన ఏర్పాటు మరో వస్తువులో చూడం.

సర్దుబాటుకు పది నిమిషాలు చాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాక్సెసబిలిటీ తెరిచి, 'టచ్ అండ్ హోల్డ్ డిలే' అన్నదాన్ని పొట్టి నుంచి మధ్యస్థానికో, పొడవుకో మార్చాలి. ఐఫోన్‌లో యాక్సెసబిలిటీ కింద 'టచ్' అనే చోట 'హాప్టిక్ టచ్' (నొక్కి పట్టుకోవడానికి అక్కడి పేరు) వేగాన్ని నెమ్మదికి మార్చవచ్చు. అక్కడే ఉండే 'టచ్ అకామడేషన్స్' వణుకు ఉన్నవాళ్ల కోసం. ఒకే చోట వెంటవెంటనే పడిన తాకిళ్లను ఒకటిగా లెక్కపెట్టమని అందులో చెప్పవచ్చు. కొన్ని ఫోన్లలో తెర సున్నితత్వం పెంచే మీట విడిగా ఉంటుంది, అది మందపాటి గార్డు వేసినప్పుడు పనికొస్తుంది. బొమ్మలు చోటు మారిపోకుండా మొదటి తెరకు తాళం వేసే సదుపాయం కూడా చాలా ఫోన్లలో ఉంది. ఇక చేతికి కొద్దిగా క్రీము రాసుకుని, గోటి కొనతో కాకుండా వేలి మెత్తటి భాగంతో తాకి, వెంటనే ఎత్తేయడం అలవాటు చేసుకోవాలి. 'నొక్కండి' అనే మాటకు బదులు 'తాకి వదిలేయండి' అని చెప్తే సగం తప్పులు అక్కడే పోతాయి. ఒక తరమంతా నొక్కే బటన్లతో పెరిగింది. ఆ మాట వినగానే వేలికి బలం గుర్తొస్తుంది.

వేలిముద్ర సరిపోలకపోవడానికీ దాదాపు ఇదే కారణం. ముద్రలోని గట్లు వయసుతో అరిగి చదునవుతాయి, చర్మం సాగే గుణం తగ్గుతుంది. ఒకే వేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు పేర్లతో నమోదు చేస్తే గుర్తింపు మెరుగవుతుంది. వేలు పలకని రోజు కోసం పిన్ నంబర్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

కంటి విషయం ఇంకా లోతైనది. చత్వారం నలభైల్లోనే మొదలవుతుంది, కంటి కటకం గట్టిపడి దగ్గరి వస్తువు మీద కుదురుకోలేకపోతుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది కంటిపాప సంగతి. వయసుతో అది చిన్నదవుతుంది, కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. ఇరవై ఏళ్ల కంటికి అందే వెలుగులో అరవై ఏళ్ల కంటికి అందేది సుమారు మూడో వంతు. కాబట్టి అక్షరం పెద్దది చేయడంతో పని పూర్తి కాదు, అక్షరానికీ వెనుక రంగుకీ తేడా కూడా ఉండాలి. వెబ్ పేజీలకు అంతర్జాతీయంగా పాటించే ప్రమాణాల్లో మామూలు అక్షరాలకు ఈ తేడా, అంటే రెండింటి వెలుగుల నిష్పత్తి, కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని ఉంది. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు చాలావరకు ఈ హద్దుకు దిగువనే ఉంటాయి. యువ డిజైనర్ కంటికి అది పొందిక, అరవై ఐదేళ్ల కంటికి ఖాళీ కాగితం.

ఫోన్‌లో అక్షరాల పరిమాణం ఒక సెట్టింగ్, తెర మీద ఉన్న వస్తువులన్నిటి పరిమాణం ఇంకో సెట్టింగ్. రెండింటినీ ఒకేసారి చివరిదాకా పెంచితే కొన్ని యాప్‌లలో అడుగున ఉండాల్సిన 'సరే' బటన్ తెర దాటి కిందికి పోతుంది. అప్పుడు మనిషికి దారి కనబడదు, యాప్ పాడైందనుకుంటారు. ఒక్కో మెట్టే పెంచుతూ, రోజూ వాడే యాప్‌లన్నీ ఒకసారి తెరిచి చూసుకోవాలి. తెలుగులో చదివేవాళ్లకు మరో ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ అక్షరం వరస మీద నిలబడితే సరిపోతుంది, తెలుగులో అసలు తేడా అక్షరం కిందా పైనా ఉంటుంది. ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీత. ఒత్తులు వరస కిందికి దిగుతాయి. ఇంగ్లిష్ కోసం సరిపెట్టిన పరిమాణంలో తెలుగు పెడితే ఆ గీతలూ ఒత్తులూ మొదట కలిసిపోయేది పెద్దవాళ్ల కంట్లోనే. అందుకే తెలుగు తెర పెట్టుకున్నవాళ్లు ఒక మెట్టు అదనంగా పెంచుకోవాలి.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కంటికి మంచివన్నది అందరికీ వర్తించే మాట కాదు. చీకటి తెర ముందు కంటిపాప విప్పారుతుంది, కటకంలో చిన్న లోపాలుంటే అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. శుక్లాలు మొదలైనవాళ్లకు మాత్రం తెల్ల తెర మిరుమిట్లు భరించలేనివిగా ఉంటాయి కాబట్టి నల్లదే నయం కావచ్చు. రెండూ రెండు రోజులు వాడి చూసి తేల్చుకోవాలి. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఇంకో మాట. రెండు భాగాల కళ్లద్దాల్లో పై భాగం దూరానికి, కింది భాగం పుస్తకానికి. మానిటర్ ఉండేది 50 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య, అంటే రెండింటికీ చెందని దూరం. గడ్డం పైకెత్తి కింది భాగంలోంచి చూడటం వల్లే మెడనొప్పి వస్తుంది. ఆ దూరం కొలిచి చెప్పి విడిగా అద్దాలు చేయించుకుంటే ఆ నొప్పి తగ్గుతుంది.

"వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్లు అంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆ మాట అక్షరాలా నిజం. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా పోగొట్టేది సన్నని, ఎత్తైన ధ్వనులను. అచ్చులు లోతైన ధ్వనులు, బలంగా వినబడతాయి. స, ష, త, క, ఫ లాంటి హల్లుల గుర్తులు ఎత్తైన భాగంలో ఉంటాయి, అవి జారిపోతాయి. మాట ఉందని తెలుస్తుంది, ఏ మాటో తెలియదు. పాత పద్ధతి టెలిఫోన్ లైను మోసేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనినే కాబట్టి ఫోన్‌లో ఇబ్బంది రెట్టింపవుతుంది. అరిచి మాట్లాడితే అచ్చులు ఇంకా పెద్దవై హల్లులను మింగేస్తాయి. నిదానంగా, మాటకూ మాటకూ మధ్య చిన్న విరామంతో చెప్పాలి. వీడియో కాల్‌లో పెదవులు కనబడతాయి, ఎదుటి మనిషి ముఖం మీద వెలుతురు ఉంటే చెవికి అందనిది కన్ను పూరిస్తుంది. ఒక చెవి బలహీనంగా ఉన్నవాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒక వైపు ధ్వని అసలే అందదు. యాక్సెసబిలిటీలో 'మోనో ఆడియో' వేస్తే రెండు వైపులదీ కలిపి రెండు చెవులకూ ఇస్తుంది. రింగ్‌టోన్ కీచుగా ఉండేది కాకుండా లోతైన గొంతుదో, వాయిద్యందో ఎంచుకోవాలి. యంత్రాల హెచ్చరిక 'బీప్' కూడా ఈ వయసులో వినబడనిదే. పొయ్యి మీదో, వాషింగ్ మెషిన్ మీదో వెలిగే దీపం కూడా ఉందా అని కొనేముందు చూడాలి.

ఇక ఓటీపీ. ఆరు అంకెలు చూసి టైపు చేయడమే కదా అనిపిస్తుంది. విడదీసి చూస్తే అందులో పని చాలా ఉంది. ఒక యాప్‌లో నంబర్ అడుగుతారు. పై నుంచి నోటిఫికేషన్ దిగి కొన్ని సెకన్లలో మాయమవుతుంది. దాన్ని వెతుక్కుంటూ మెసేజ్‌లలోకి వెళ్లాలి, అంకెలు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ మొదటి యాప్‌కు తిరిగి రావాలి. వచ్చేసరికి కొన్ని యాప్‌లు మొదటి పేజీకి వెళ్లిపోయి ఉంటాయి. ఈలోగా గడియారం తిరుగుతూనే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త తిమోతీ సాల్ట్‌హౌస్ 1996లో చెప్పిన వివరణ ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. వయసుతో ఆలోచన వేగం తగ్గుతుంది, పనిలో తర్వాతి మెట్టుకు చేరేసరికి ముందు మెట్టులో సంపాదించింది మనసులోంచి జారిపోతుంది. పనిలో ప్రతి ముక్కా తెలిసిందే, ముక్కల్ని ఒకే సమయంలో పట్టుకోవడమే కష్టం.

ఇక్కడ చాలామందికి తెలియని తప్పు ఒకటి ఉంది. సమయం దాటిపోయి 'మళ్లీ పంపండి' అని నొక్కుతారు. రెండో మెసేజ్ వస్తుంది. కొత్తది వచ్చాక సాధారణంగా పాతది చెల్లదు. రెండు మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి ఉంటే పెద్దవాళ్లు పైనున్నది చదువుతారు, కాగితం మీద పై నుంచి కిందికి చదవడం జీవితమంతా చేసిన అలవాటు. మెసేజ్‌లలో మాత్రం కొత్తది అడుగున ఉంటుంది. మూడుసార్లు తప్పు పడేసరికి చాలాచోట్ల ఖాతా లాక్ అవుతుంది. మందు సులువైనదే: అడుగునున్నదే చెల్లుతుందని చెప్పడం, అంకెలను మూడు, మూడుగా విడదీసి పైకి చదవడం, పక్కన చీటీ మీద రాసుకోవడం, పని కాగానే చింపేయడం. ఆండ్రాయిడ్ యాక్సెసబిలిటీలో 'టైమ్ టు టేక్ యాక్షన్' అనే చోట తాత్కాలికంగా కనబడే సందేశాలను ఒకటి రెండు నిమిషాల వరకు నిలిపి ఉంచమని చెప్పవచ్చు. నిజానికి బాధ్యత తయారుచేసేవాళ్లది. గడువు ముగిసేముందు హెచ్చరించి, దాన్ని ఒక చిన్న పనితో కనీసం పదిసార్లు పొడిగించుకునే వీలివ్వాలన్నది అవే వెబ్ ప్రమాణాలు చూపే మార్గాల్లో ఒకటి. భద్రత కోసం సమయం బిగించక తప్పని చోట్లు ఉంటాయి. అయినా ముప్పై సెకన్ల గడువు పెట్టిన ప్రతి పేజీకీ అంత అవసరం ఉందని చెప్పలేం.

నేర్చుకునే శక్తి గురించి కూడా తప్పుడు నమ్మకమే ఎక్కువ. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ కాటెల్ 1963లో తెలివిని రెండుగా విడదీసి చూపాడు. కొత్త సమస్యను అప్పటికప్పుడు విప్పే చురుకుదనం ఒకటి, ఏళ్ల తరబడి పోగుపడిన మాటలూ, పరిచయమూ, వివేకమూ మరొకటి. మొదటిది యవ్వనం దాటాక నెమ్మదిగా తగ్గుతుంది. రెండోది అరవైలు దాటినా నిలుస్తుంది. కుర్రాళ్లు కొత్త యాప్‌ను తడిమి నేర్చుకుంటారు, అంటే మొదటి శక్తి మీద ఆధారపడతారు. పెద్దవాళ్లకు అదే దారిలో నేర్పబోతే కుదరదు. వాళ్లకు తెలిసినదానికి ముడిపెట్టి నేర్పితే నిలుస్తుంది.

నేర్పేవాళ్లు మొట్టమొదట పాటించాల్సింది ఫోన్ పెద్దవాళ్ల చేతిలోంచి తీసుకోకపోవడం. వేలు వాళ్లదే కావాలి, మాట మాత్రమే నేర్పేవాళ్లది. రెండోది, దేన్నైనా తెరవడం నేర్పేముందు వెనక్కి రావడం నేర్పాలి. ఎక్కడ దారి తప్పినా మొదటి తెరకు ఎలా చేరుకోవాలో తెలిస్తే పాడుచేస్తామేమోనన్న భయం పోతుంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో కింద బటన్లు ఉండవు, అంచు నుంచి వేలు జరిపితే వెనక్కి వెళ్తుంది. కంటికి కనబడని ఆ దారిని గుర్తుపెట్టుకోవడం కష్టం. సెట్టింగ్స్‌లో పాత మూడు బటన్ల పద్ధతి చాలా ఫోన్లలో ఇంకా ఉంది. మొదటిరోజే దాన్ని పెట్టేయాలి. మూడోది, ఒక పనికి ఒకే దారి. ఫొటో పంపడానికి నాలుగు దారులున్నాయని చూపిస్తే నాలుగూ కలగలిసిపోతాయి.

కాగితం మీద రాసిపెట్టడం పాతకాలపు పద్ధతిలా అనిపించినా ఇంతకంటే మెరుగైనది లేదు. అయితే రాసే తీరు ముఖ్యం. 'ఫొటో పంపండి' అని రాస్తే లాభం లేదు. ఎడమ వైపు తెర మీద ఏం కనబడుతుందో, కుడి వైపు అప్పుడు ఏం చేయాలో రాయాలి: 'ఆకుపచ్చ బొమ్మ కనబడుతుంది, తాకి వదలండి. పేర్ల పట్టీ వస్తుంది, కావలసిన పేరు తాకండి. అడుగున కాగితాల క్లిప్పు బొమ్మ ఉంటుంది, దాన్ని తాకండి.' తెర మీద ఉన్న మాటనే కాగితం మీదా వాడాలి, అనువదించకూడదు. రాతను నేర్చుకునేవాళ్ల చేతే రాయిస్తే ఇంకా మంచిది. పైన తేదీ వేయాలి, ఎందుకంటే అప్‌డేట్ వచ్చిన రోజు ఆ కాగితం పాతబడుతుంది. ఇరవై నిమిషాలు దాటితే ఆపేయాలి. అదే పనిని ఆ సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి, మూడు రోజులకు, వారానికి మళ్లీ చేయించాలి. మధ్యలో ఎడం ఇస్తూ తిరగేస్తే జ్ఞాపకం గట్టిపడుతుందని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే గమనించాడు. మూడు గంటలు ఏకబిగిన నేర్పి మళ్లీ ఆరు నెలలకు కనబడే పిల్లలు ఎంత ప్రేమతో నేర్పినా అది నిలవకపోవడానికి కారణం ఇదే.

ఎన్ని నేర్వాలన్నదానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్, మార్గరెట్ బాల్టెస్ దంపతులు 1990లో చెప్పిన సూత్రం మంచి దారి చూపుతుంది: ఎంచుకోవడం, ఎంచుకున్నదాన్ని సానబెట్టడం, తగ్గినదాన్ని మరో రకంగా పూడ్చుకోవడం. పాల్ బాల్టెస్ దీనికి చూపే ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్. ఎనభై ఏళ్ల వయసులో అంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే, తక్కువ రచనలు వాయిస్తాననీ, వాటినే ఎక్కువసార్లు సాధన చేస్తాననీ, వేగమైన చోటు రాబోయేముందు కాస్త నెమ్మదిస్తాననీ, అందువల్ల తర్వాతి భాగం వేగంగా వినబడుతుందనీ చెప్పాడు. ఫోన్‌లోనూ అంతే. నలభై యాప్‌లు అక్కర్లేదు. మనుషులతో మాట్లాడటం, డబ్బు లెక్క చూసుకోవడం, వైద్యుడి సమయం తీసుకోవడం, నచ్చిన పాటో వార్తో వినడం. ఈ నాలుగైదు పనులు చేతికి వచ్చి, మిగతా బొమ్మలన్నీ మొదటి తెర నుంచి తీసేస్తే అది ఓటమి కాదు.

అప్‌డేట్‌ల గురించి పెద్దవాళ్ల కోపం న్యాయమైనదే. చేతికి వచ్చిన పని చోటు గుర్తు మీద నడుస్తుంది. బటన్ కుడి నుంచి ఎడమకు పోతే కుర్రాడు అర నిమిషం తడబడతాడు, పెద్దాయన మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాలి. అలాగని అప్‌డేట్‌లు ఆపేయకూడదు, భద్రతకు సంబంధించినవి వెంటనే పడాల్సిందే. రూపురేఖలు మార్చే పెద్ద అప్‌డేట్‌ను మాత్రం ఎవరైనా పక్కన కూర్చోగలిగిన రోజు దాకా వాయిదా వేయవచ్చు. కొత్త ఫోన్ కొనేటప్పుడు ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్‌లు ఇస్తారో అడగాలి. 2023 తర్వాత కొన్ని కంపెనీలు కొన్ని ఫోన్లకు ఏడేళ్లు ఇస్తామంటున్నాయి. డెబ్బై ఏళ్ల మనిషికి ఏడేళ్లు ఫోన్ మార్చక్కర్లేకపోవడం కెమెరా కంటే విలువైనది. మార్చక తప్పనప్పుడు పాతది పాడయ్యేదాకా ఆగకూడదు. పాతది పనిచేస్తుండగానే కొత్తది కొని, ఒక నెల రెండూ పక్కపక్కన ఉంచి, ఒక్కో పనినీ కొత్తదానికి మార్చుకుంటూ రావాలి.

నిశ్శబ్దంగా జరిగే మార్పులు ఇంతకంటే ప్రమాదం. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే, సుమారు 48 వోల్టులు, వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఆ స్థానంలో ఫైబర్ లైను వేస్తే గోడకు బిగించిన పెట్టెకు కరెంటు ఉండాలి, బ్యాటరీ పెట్టకపోతే కరెంటుతోపాటు ఫోనూ పోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు మెడలో వేసుకునే అత్యవసర బటన్లలో కొన్ని పాత నెట్‌వర్క్ మీద నడుస్తాయి. 2జీ, 3జీ మూసేసిన చోట అవి దీపం వెలుగుతూనే మూగబోతాయి. లైను మార్చిన రోజు ఆ బటన్ నొక్కి, అవతలివాళ్లు పలుకుతున్నారో లేదో చూసి తీరాలి.

ఇవన్నీ సరిచేసినా మిగిలే బాధ ఒకటి ఉంది. మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1970లో సమాజాలను మూడు రకాలుగా చెప్పింది: పిల్లలు పెద్దల దగ్గర నేర్చుకునేవి, ఎవరి ఈడువాళ్ల దగ్గర వాళ్లు నేర్చుకునేవి, పెద్దలు పిల్లల దగ్గర నేర్చుకునేవి. మూడో రకం అప్పుడే మొదలవుతోందని ఆమె అంది. ఇప్పుడు ప్రతి ఇంటిలోనూ ఆ పాఠం నడుస్తోంది. అడగడం, ఆగడం, తప్పు చేసి దిద్దించుకోవడం అనే స్థానంలో ఒకప్పుడు పిల్లలుండేవాళ్లు, ఇప్పుడు అక్కడ తండ్రులూ తాతలూ నిలబడాల్సి వస్తోంది. ఒకప్పుడు చుట్టరికాల వరసలూ, లెక్కలూ, ఊరి సంగతులూ పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉండేవి. ఎవరికి అవసరమైనా వాళ్ల దగ్గరికి రావాల్సి వచ్చేది. అడిగేవాడు లేకపోతే తెలిసినవాడి స్థానం ఏమిటన్నది పనిముట్టుతో తీరే ప్రశ్న కాదు.

వస్తువులు త్వరగా మారతాయి, వాటి చుట్టూ ఉండాల్సిన అలవాట్లూ మర్యాదలూ వెనకబడతాయి అని సామాజిక శాస్త్రవేత్త విలియం ఆగ్‌బర్న్ 1922లో చెప్పాడు. ఆ ఎడం ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు తరాల మధ్య కనబడుతుంది. పెద్దవాళ్లకు ఫోన్ చేయడం ఆప్యాయత, చెప్పకుండా ఫోన్ చేయడం పిల్లల తరానికి చొరబాటు. పిల్లలు రెండు ముక్కల మెసేజ్ పెడితే పెద్దవాళ్లకు అది తప్పించుకోవడంలా తోస్తుంది. మనవరాలి ఫొటోను పదిమందికి పంపడం తాతకు ముచ్చట, తల్లిదండ్రులకు అడగకుండా చేసిన పని. ఇందులో ఎవరిదీ చెడ్డతనం కాదు. రెండు వేర్వేరు కాలాల మర్యాదలు ఒకే పరికరం మీద కలిశాయి. నోరు విప్పి ఒప్పందం చేసుకోవడమే దీనికి దారి: వారంలో ఏ రోజు ఏ వేళకు మాట్లాడుకోవాలి, ఏ ఫొటోలు బయటికి పంపకూడదు, అర్జంటైతే రెండుసార్లు వరసగా చేయడం గుర్తు. సాయం అడగడానికి కూడా ఇదే పద్ధతి మేలు. 'ఖాళీ దొరికినప్పుడు చూడరా' అంటే ఆ ఖాళీ ఎప్పటికీ రాదు, అడిగినవాళ్లకు చిన్నతనం మిగులుతుంది. సందేహాలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని, వారానికి ఒక అరగంట ఖాయం చేసుకుంటే అడగడం బతిమాలడంలా ఉండదు.

సాయం పేరుతో స్వతంత్రం పోకుండా చూసుకోవడం కూడా అవసరం. పాస్‌వర్డ్ పిల్లలకు ఇచ్చేస్తే పని సులువే, కానీ ఆ రోజు నుంచి తన డబ్బు తాను చూసుకోవడానికి కూడా ఒకరిని అడగాలి. చూసే హక్కు వేరు, ఖర్చుపెట్టే హక్కు వేరు. లావాదేవీ జరిగినప్పుడు పిల్లలకు కూడా మెసేజ్ వెళ్లేలా పెట్టే వీలుంటే ముందు దాన్నే వాడాలి. ఇంట్లో కెమెరా పెట్టే విషయంలోనూ అంతే. ఏ గదిలో, ఎవరు చూస్తారు, ధ్వని కూడా రికార్డవుతుందా, ఆపే మీట ఎవరి చేతిలో ఉంటుంది అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు పెద్దవాళ్ల నోట రావాలి. తలుపు తెరిస్తే, మంచం దిగితే కబురిచ్చే చిన్న సెన్సర్లతో సరిపోయే చోట కెమెరా అవసరమే లేదు.

వయసును బట్టి మనిషిని తక్కువచేసే ధోరణికి మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో ఒక పేరు పెట్టాడు: ఏజిజం. అది బయటివాళ్ల చూపులోనే ఉండదు, ఆ మనిషి లోపలికీ దిగుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త బెకా లెవీ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, యాభై దాటిన 660 మందిని ఏళ్ల తరబడి గమనించగా, తమ వార్ధక్యం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే సగటున 7.5 ఏళ్లు ఎక్కువ బతికారు. మొదట చెప్పిన ఆ 'మనకు రావు' అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. ప్రపంచంలో అరవై దాటినవాళ్లు 2020లో వంద కోట్లు, 2030కి 140 కోట్లవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

'మనకు రావు' అన్న మాట వెనక ఉన్న సిగ్గు మోసగాళ్లకు బాగా తెలుసు. వాళ్ల పద్ధతిలో మూడు మెట్లుంటాయి: భయపెట్టడం, తొందరపెట్టడం, ఎవరికీ చెప్పొద్దనడం. మూడోది పనిచేసేది ఇంట్లో చెప్తే తిడతారన్న బెరుకు ఉన్న చోటే. ఇప్పుడు గొంతును కూడా యంత్రంతో అచ్చుగుద్దినట్టు తయారుచేస్తున్నారు కాబట్టి, డబ్బు అడిగితే చెప్పాల్సిన రహస్య పదం ఒకటి ఇంటిల్లిపాదీ ముందే అనుకుని ఉంచుకోవాలి. ఫోన్ పెట్టేసి, తమ దగ్గరున్న పాత నంబర్‌కు తామే తిరిగి చేయాలి. తెరను దూరం నుంచి చూసే యాప్ వేయమని ఫోన్ చేసి అడిగిన ఎవరి మాటా వినకూడదు. డబ్బు పోయిందని తెలిస్తే మొదటి నిమిషాలే ముఖ్యం: ఇంటర్నెట్ ఆపి, కార్డు వెనక ఉన్న నంబర్‌కు మరో ఫోన్ నుంచి చేసి ఖాతా నిలిపేయించి, పాస్‌వర్డ్‌లు ఇంకో పరికరం మీద మార్చి, మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచి ఫిర్యాదు చేయాలి. ఆ సమయంలో ఒక్క మాట తిట్టినా రెండోసారి జరిగినప్పుడు ఆ మనిషి చెప్పడు.

పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాయకూడదన్న సలహాను ఇంట్లో ఉండే పెద్దవాళ్ల విషయంలో పట్టుకుని వేలాడక్కర్లేదు. దూరాన ఉన్న దొంగకు బీరువాలోని పుస్తకం అందదు. పేజీకి ఒక ఖాతా, పైన పేరు, కింద లాగిన్, పాస్‌వర్డ్, తేదీ. మార్చినప్పుడు పాతదాన్ని చెరపకుండా ఒక గీత కొట్టి కింద కొత్తది రాయాలి. పుస్తకం ఎక్కడుందో ఇంకొకరికి తెలిసుండాలి. పిన్ నంబర్లు మాత్రం అందులో వద్దు.

మనిషి పోయాక ఖాతాలు ఏమవుతాయన్నది కూడా ఇప్పుడే సర్దుకోవాల్సిన పని. గూగుల్‌లో 2013 నుంచి 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' ఉంది. 3, 6, 12 లేదా 18 నెలలు ఖాతా కదలకపోతే పది మంది వరకు నమ్మకస్తులకు కబురు, కావాలంటే సమాచారమూ అందేలా పెట్టుకోవచ్చు. అది పెట్టకుండా రెండేళ్లు వాడకపోతే వ్యక్తిగత ఖాతానూ అందులోని ఫొటోలనూ గూగుల్ తీసేయవచ్చు. ఆపిల్ 2021 చివర్లో 'లెగసీ కాంటాక్ట్' తెచ్చింది. ఐదుగురి వరకు పేర్లు ఇవ్వవచ్చు, వాళ్లకు ఒక తాళపు సంకేతం ఇస్తుంది. దాన్ని కాగితం మీద అచ్చు వేసి ఇంటి పత్రాలతో ఉంచాలి. మరణ ధ్రువపత్రంతోపాటు అది చూపితేనే ఖాతా తెరుస్తారు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు మాత్రం అప్పుడూ ఇవ్వరు.

మనిషి పోయాక ఇంట్లోవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఫోన్ నంబర్‌ను మొదటి వారంలోనే మూసేయడం. నెలనెలా కట్టే డబ్బు దండగ అనిపిస్తుంది. కానీ బ్యాంకూ, మెయిలూ, బీమా అన్నీ ఆ నంబర్‌కే కోడ్ పంపుతాయి. మూసేసిన నంబర్‌ను కొంతకాలానికి కంపెనీ ఇంకెవరికో ఇస్తుంది, ఆ కోడ్‌లు కూడా వాళ్లకే వెళ్తాయి. కాబట్టి ఒక్కో ఖాతాకూ పద్ధతి ప్రకారం కబురు చేసి, ఒక్కోటీ మూయించి, పుస్తకంలో ఆ పేజీకి అడ్డగీత కొడుతూ పోవాలి. అన్ని పేజీలూ అయ్యాక, అందరికంటే చివర, నంబర్‌ను మూయాలి.